టవర్ ఆపినందుకు సంజాయిషీ

అయ్యా,

సోమవారం రఘునాథపల్లి సెల్ టవర్‌ను ఇరవై నిమిషాలు ఎందుకు ఆపావని అడుగుతూ మీరు పంపిన మెమో అందింది. ఆపింది వాచ్‌మన్‌నైన నేనే. ఎందుకో వినండి.

తెలంగాణ ఇచ్చేదాకా దిగను, దూకుతానంటూ యుగేందర్ అనే కుర్రాడు ఆ టవర్ ఎక్కాడు. వాళ్లమ్మ కట్టమ్మ కింద నిలబడి కొడుకుకు ఫోన్ చేస్తూనే ఉంది. కలవలేదు. ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క టవరే. చుట్టూ వందల మంది కొత్త ఫోన్లు పైకెత్తి ఫొటోలు, వీడియోలు పంపుతున్నారు. టవర్ మీద నిలబడ్డ మనిషికే ఫోన్ పోలేదు సార్! ఇంటర్నెట్ ఫోన్లు పెరిగాయి, ఈ టవర్ చాలదు, ఇంకొకటి పెట్టండని మీకు మూడుసార్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మెమో మాత్రం మర్నాడే బయలుదేరింది.

కేక వేద్దామన్నా, కరెంటు లేక నడుస్తున్న జనరేటర్ మోతలో ఆమె గొంతు పైకి పోవడం లేదు. అందుకే జనరేటర్ ఆపాను. జనరేటర్ ఆగినా టవర్‌ను నడిపే బ్యాటరీ తీగ కూడా పీకేశాను. ఫోన్లు పనిచేయక జనం చేతులు దించారు, గోల తగ్గింది. అప్పుడు ఆ తల్లి అరిచింది:

"నువ్వు లేని తెలంగాణ నాకెందుకు బిడ్డా? నీ కాళ్లు మొక్కుత, జర దిగు!"

సిగ్నల్ ఎన్ని నిమిషాలు పోయిందో మెమోలో సెకన్లతో సహా రాశారు. ఆ కుర్రాడు ఏమయ్యాడని ఒక్క మాట అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

దిగాడు.

ఇట్లు,
మీ రఘునాథపల్లి టవర్ వాచ్‌మన్