బస్తా మోత పరీక్ష

కోరుట్ల, సెప్టెంబర్ 2011

జగిత్యాల విత్తనాల గోదాం సరిత మేడంకు, కోరుట్ల రాబియా బీ సలాం చేసి రాస్తున్నది.

నిన్నటి పరీక్షల నేను పాసైన. బస్తాలు మోసే బలమున్నదో లేదో చూస్తమని మీరే పిలిస్తిరి గద. పొద్దుగాల్నే అచ్చిన. గేటు ముందల టెంటు కింద అందరు వరుసగ కూసున్నరు, నేను గూడ కూసున్న. ఒకాయన మెడల దండేసిండు. గింత మర్యాద ఏ కొలువుల చూడలే. డాక్టరు బీపీ చూసి, "గట్టిదానివమ్మా" అన్నడు. పక్కోళ్లు నీళ్లు తాగిండ్రు, నేను ఉమ్మి గూడ మింగలే. రంజాన్ మొన్ననే పాయె, గిదొక లెక్కనా. పొద్దుగూకినంక నిమ్మరసమిచ్చి, అయిపోయింది పొమ్మన్నరు. బీడీలు చుడ్తుంటి, ఇప్పుడు ఆకు ఇస్తలేరు, ఈ కొలువే నాకు దిక్కు. ఎప్పుడు రావాలె?

ఇట్లు, రాబియా బీ

మళ్ల: నిమ్మరసంల ఉప్పెక్కువైంది. కంపెనీదని ఏమనలే.

*

జగిత్యాల

రాబియా బీ గారికి నమస్కారం.

మీరు కూర్చున్నది మా పరీక్షలో కాదు. సకల జనుల సమ్మె కోసం మా గేటు ముందు వేసిన నిరాహార దీక్ష శిబిరంలో. మా పరీక్ష గేటు లోపల జరిగింది. బస్తా భుజానెత్తుకుని కాంటా దాకా నడవాలి. మీ పేరు పిలిచి, పలక్కపోతే గైర్హాజరు అని రాశాం. ఆ డాక్టరు చూసింది ఆకలికి తట్టుకుంటారా అని. మేం చూసేది బరువుకు తట్టుకుంటారా అని. రెండూ వేరని రాస్తున్నానే గాని, నిజంగా వేరేనా అని నాకే అనుమానం. అయినా రూలు రూలే.

ఇట్లు, సరిత

మళ్లీ: దండ మాకు పంపనక్కర్లేదు.

*

కోరుట్ల

మేడంకు సలాం.

గైరాజరని ఎట్ల రాస్తరు? పేపర్ల నా ఫోటో పడ్డది. సిరిసిల్ల నుంచి మా చెల్లె ఫౌజియా ఫోన్ చేసి, "అక్కా, లీడరువైనవా" అని ఒకటే నవ్వు. ఆ ఫోటో దీంట్ల పెట్టిన. ఎనుక మీ గోదాం బోర్డు కనవడ్తున్నది. తెలంగాణ అచ్చేదాంక కూసోమంటె కూసుంట, గని కొలువు గూడ కావాలె. ఇంట్ల బియ్యం బస్తా ఎత్తుకొని వాకిలంత తిరిగి చూసుకున్న. మళ్లొక్కసారి పిలువుండ్రి. పిలువకున్న అస్త.

మీ రాబియా బీ

మళ్ల: శిబిరమోళ్లు సోమారం గూడ రమ్మని కబురంపిండ్రు. వాళ్ల కాడైతే పాసైనట్టే.

*

జగిత్యాల

రాబియా బీ గారికి,

మాకూ సోమవారమే రండి. ఈసారి టెంటు వైపు వెళ్లకండి. అక్కణ్ణుంచి ఎవరు పిలిచినా పలక్కండి. గేటు దగ్గరే నిలబడండి.

ఇట్లు, సరిత

మళ్లీ: ఊరంతా రోడ్డు మీద కూర్చుంటే, నేను ఫ్యాను కింద కూర్చుని ఎవరి బలం కొలుస్తున్నానో అర్థం కావడం లేదు. మా ఆఫీసు వాళ్లు ఒక పూటైనా దీక్షలో కూర్చుందామంటున్నారు. ఇంకా తేల్చుకోలేదు.

*

కోరుట్ల

మేడంకు సలాం. పాణం ఎట్లున్నది?

మీకేం యాదికి లేదని డాక్టరు చెప్పిండు, అందుకే రాస్తున్న. సోమారం నేను గేటు కాడ నిలవడ్డ. సూస్తే మీరే టెంటు కింద దండేసుకొని కూసున్నరు. చెయ్యూపి నన్ను రమ్మన్నరు. ఎవరు పిలిచినా పలుకొద్దని రాస్తిరి గద, పలుకలే. పగటీలి ఎండకు మీరు ఒక దిక్కు ఒరిగిండ్రు. అప్పుడు మీ మాట దాటిన, మన్నించుండ్రి. సమ్మె చేసేటోళ్లు రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టి వంటావార్పు చేస్తున్నరు, ఆటో కదలదు. అందరు తలొక మాట చెప్తున్నరు గని ముట్టుకుంటలేరు. మిమ్ముల భుజానేసుకొని దవాఖాన దాంక నడిచిన, మెట్లు గూడ ఎక్కిన, నడుమ యాడ దించలే. బస్తా అయితే సప్పుడు చెయ్యదు. మీరు సగం సోయిల, "దించు, ఇది రూలు కాదు" అని దారి పొడుగూత గొణుగుడే.

ఇగ గైరాజరు రాయకుండ్రి. అచ్చే సోమారం పనిలకు అస్తున్న.

మీ రాబియా బీ

మళ్ల: దవాఖానల మీ బరువెంతని నన్ను అడిగిండ్రు. బస్తా మీదైతే రాసుంటది, మేడం మీద రాసిలేదన్న. ఇగ మిమ్ముల కాంటా మీద కూసోవెట్టిండ్రు. ఆ లెక్క నాకు ఎరికే. కొలువు ఆర్డరు నా చేతికస్తే ఎవ్వలకు చెప్ప.