రుచి చూడని చేయి

తిరుపతి, 1984 ఆగస్టు 6, సోమవారం. మీ తద్దినం విస్తళ్లు ఎత్తాను, పాత్రలు తోమాను, మడిబట్టలు ఆరేశాను.

ఏమండీ, హోటల్ చదువులో శిక్షణ కోసం ఊటీలో దొరలు కట్టిన పాత హోటల్‌కు వెళ్లిన మన వేదవల్లి సెలవు పెట్టి వచ్చింది. అక్కడ సూపు రుచి చూడకుండానే వడ్డనకు పంపిందట. పెద్ద వంటాయన ఇంటికి పంపేస్తానన్నాడట.

"మా నాయన గుడి వంటశాలలో దేవునికి పెట్టకముందు రుచి చూసేవాడు కాదు, నాకూ అదే అలవాటైపోయింది అనినానమ్మా" అని చెప్పింది.

"దానికేమన్నాడే?"

"'ఈడ తినేది దేవుడు కాదు పాపా, దొరసాని. ఉప్పు తప్పితే కేకలేస్తాది' అనినాడు. ఇప్పుడు ఆడ రుచి చూస్తా ఉండాను."

ఈ రోజు వంట తనే చేసింది. తద్దినం వంట కదా, గరిటె నోటి దాకా పోలేదు. చారులో ఉప్పు, మీరు కాచినప్పటిలాగే, కాస్త తక్కువైంది. నేను ఉప్పు కలుపుకోలేదు. ఇంకో గరిటె పోయించుకున్నాను.