సిగ్నల్ దాటిన మధ్యాహ్నం

అక్కా,

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను గానీ, ఇది కులాసా ఉత్తరం కాదు. డిటెక్టివ్‌గా ఎంపికయ్యాను. పదకొండేళ్ల కానిస్టేబుల్ యూనిఫాం సోమవారం మడతపెట్టేస్తాను. సంతోషించు, కానీ చివరిదాకా చదివాక.

దరఖాస్తులో ట్రాఫిక్ కేసులుంటే రాయమన్నారు. నాకున్నది ఒకే ఒక్క చలానా, ఆరేళ్ల కిందటిది, సిగ్నల్ దాటినందుకు. "ఇంతమాత్రానికి ఉద్యోగం ఆగదులే" అని తోటివాళ్లు నవ్వారు. నిజంగానే ఆగలేదు. కానీ ఇంటర్వ్యూలో పెద్దాఫీసరు ఆ రోజు సిగ్నల్ కెమెరా తీసిన ఫొటో బల్లమీద పెట్టి, "అంత తొందరగా ఎక్కడికమ్మా?" అన్నారు.

నా కారు. వెనక ఆసుపత్రి గేటు. నాన్న పోయిన రోజు.

నీకేం చెప్పాను? డ్యూటీ మీద ఊళ్లో లేనని, నీ ఫోను ఆలస్యంగా చూసుకున్నానని. అబద్ధం అక్కా. నువ్వు ఫోన్ చెయ్యగానే బయల్దేరి గేటు దాకా వచ్చాను. "పోలీసుల్లో చేరితే నా శవాన్ని కూడా చూడకు" అని అప్పుడెప్పుడో నాన్న అన్న మాట అక్కడ కాళ్లకు అడ్డం పడింది. కోపం కాదు, భయం. కారు వెనక్కి తిప్పేశాను. ఎర్ర లైటు కనబడలేదు. ఇప్పటికీ ఏ సిగ్నల్ దగ్గర ఆగినా వెనక సీట్లో నాన్న దగ్గినట్టుంటుంది. అద్దంలో చూస్తాను. ఎవరూ ఉండరు.

"మా నాన్న దగ్గర్నుంచి పారిపోతున్నాను సార్" అన్నాను. ఆయన ఫొటో బోర్లా తిప్పి పెట్టారు. "ఇది ఇంట్లో చెప్పారా?" అన్నారు.

ఇప్పుడు చెబుతున్నాను. తిట్టు, కొట్టు, జవాబు మాత్రం రాయి.

నీ చెల్లి

*

చిట్టీ,

నువ్వు ఊళ్లో లేవంటే నేనెప్పుడూ నమ్మలేదే. ఆ మధ్యాహ్నం వార్డు కిటికీ దగ్గరే ఉన్నాను. నీ కారు రావడమూ చూశాను, తిరిగిపోవడమూ చూశాను. గట్టిగా పిలిస్తే వినబడేది. ఒళ్లు మండి పిలవలేదు.

"వచ్చిందా?" అన్నారు నాన్న.

"వచ్చింది నాన్నా, కారు పెట్టి వస్తోంది" అన్నాను.

దుప్పటి సర్దమన్నారు. "తల కూడా దువ్వవే. అది పోలీసు, అన్నీ కనిపెడుతుంది" అన్నారు. దువ్వాను. తలుపు వైపే చూస్తూ ప్రాణం వదిలారు.

నీకెలా చెప్పను ఈ మాట? ఆరేళ్లూ నోరు నొక్కుకున్నాను. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. ఇద్దరం కలిసి ఏడుద్దాం.

మీ అక్క