ఊదని కొమ్ము

వైశాఖ బహుళ విదియ, రాత్రి

ఉప్పుబండి తిరగబడి తమ్ముడు అప్పన్నకి ముందరి పళ్లు ఊడాయి. అంతకు ముందటి ఒక ఉదయం గుర్తొస్తోంది. నేను తులసికి నీళ్లు పోస్తున్నాను. వాడు అమ్మవారి జాతరలో ఊదే కొమ్మును చింతపండుతో తోమి, పెదవులు తడుపుకుని ఊదాడు. ఆ వంకర ఇత్తడికి మీటలుండవు. పెదవి బిగిస్తే పైస్వరం, వదిలితే కిందిస్వరం. జీడితోటంతా అదిరింది.

ఈరోజు చిన్నతమ్ముడు రాములు పర్లాకిమిడి నుంచి బ్యాండు బాకా తెచ్చాడు. దానికి మూడు మీటలు.

"పళ్లెందుకు అన్నియ్యా? ఏలితో నొక్కు, అదే పలుకుతాది."

అప్పన్న నొక్కి ఊదాడు. తుస్సుమంది. దానికీ పెదవి బిగువే కావాలని, వెనక పళ్లు లేనిదే అది రాదని అప్పుడు తెలిసింది. అయినా పెదవి చిట్లేదాకా ఊదించారు.

"ఏటిది, కుండకి సిల్లు పడినట్టు!" అని అప్పన్న భార్యే నవ్వింది.

రాములు ఊదితే పాటంతా మెత్తగా వచ్చింది. కొమ్ము పలికినప్పటిలా గుండె అదరలేదు.

సాయంత్రం జాతర సంగతి తేల్చడానికి ఇంట్లోవాళ్లందరూ కూర్చున్నారు. అమ్మవారి ముందు కొమ్ము పట్టే హక్కు మా ఇంటి పెద్దకొడుకుది. వాడు పట్టకపోతే వేరే ఇంటికి పోతుంది. అందుకని అప్పన్న కొమ్ము నోటికి ఆనించి, బుగ్గలు పూరించి ముందు నడవాలి. ఊదకూడదు. వెనక రాములు బాకా ఊదుతాడు.

"ఊరంతా నవ్వుతాది అప్పా. నువ్వైనా వద్దని సెప్పు" అన్నాడు అప్పన్న, అక్కనని నా వైపు తిరిగి.

జపమాల తిప్పడం ఆపకుండానే, "అమ్మవారి పని ఆగకూడదు నాయనా" అన్నాను. అదే ఖాయం చేశారు.