పెట్టె మీద నీ చేతులు

మామ్మా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. నీకొక సంగతి చెప్పాలి.

బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి నువ్వు పూతరేకు తీస్తుంటే, నేనొక ఫోటో తీశాను కదా. వాడపల్లి గుడి దగ్గర మిఠాయి కొట్టాయన దాన్ని తన పెట్టెల మీద వేసుకుంటానన్నాడు. "తీసింది మీరే కదండీ, హక్కు మీదే. మీరు ఊఁ అంటే చాలండి" అన్నాడు.

అమలాపురంలో తెలిసిన లాయరుగారిని అడిగాను. "ఫోటో మీదేనమ్మా. అందులో మొహం మాత్రం ఆవిడది. అమ్మకానికి వాడాలంటే ఆవిడ ఒప్పుకోవాలి" అన్నారు.

ఒప్పుకోవడానికి నువ్వెక్కడున్నావు? నాన్న మాత్రం వెంటనే సరేనన్నాడు. పెళ్లిళ్లలో కూడా నువ్వు కెమెరాకి కొంగు అడ్డం పెట్టుకునేదానివని ఆయనకేం గుర్తుంటుంది! "మొహం దేనికే, రేకుని తియ్యి" అని నన్నూ కసిరేదానివి. అందుకే మొహం కత్తిరించేసి, చేతులూ కుండా ఉన్నంతవరకే ఇచ్చాను. నీ మాట నిలబెట్టానని మురిసిపోయాను కూడా.

నిన్న భోజనాలకి వచ్చినవాళ్లకి ఆ పెట్టెలే పంచాం. నీ పక్కన కూర్చుని రేకులు తీసిన సత్యవతిగారు మూత తెరవకుండా పెట్టెనే చూస్తూ ఉండిపోయారు.

"ఇవి మీ మామ్మ చేతులే కదమ్మా? గుడ్డ లాగేటప్పుడు చిటికెనవేలు అలా ఎత్తిపెట్టేది ఆవిడొక్కతే."

"ఆయ్" అన్నాను.

ఆవిడ రేకులు పిల్లలకి పెట్టేసి, ఖాళీ పెట్టె ఇంటికి పట్టుకెళ్లారు.

చేతులకి కూడా నిన్ను అడగాలని నాకు తట్టనే లేదు, మామ్మా.