జనవరి వాయిదా

వాన్, ఒంటారియో
20 అక్టోబర్ 2024, ఆదివారం

చిరంజీవి కిరీటికి,

బావ కొమరయ్య దీవించి రాయునది. దీవెన అలవాటు కొద్దీ రాశాను, మనసులో లేదు. ఇక్కడ నేను, మీ అక్క, పాప ముగ్గురం బాగున్నాం. నువ్వూ బాగానే ఉన్నట్టున్నావు, వాట్సాప్‌లో కొత్త జాకెట్ వేసుకుని ఫోటో పెట్టావు. మీ అక్క అన్నపూర్ణ ఆ ఫోటో కొంచెంసేపు చూసి ఫోన్ బోర్లా పెట్టింది. 

నా నంబరు బ్లాక్ చేశావు గనక కాగితం మీద రాస్తున్నాను. రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. అందలేదని చెప్పడానికి వీలుండదు.

పోయిన మంగళవారం గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ మీద ఉండగా బ్యాంకు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది. 2022లో నీ పేరు మీద తీసుకున్న చదువు అప్పు గురించి కొన్ని ప్రశ్నలు ఉన్నాయంది. ఆ అప్పు నువ్వు తీసుకోలేదని, నీ కాగితాలు వాడి ఇంకెవరో తీసుకున్నారని ఫిర్యాదు పెట్టావట. అప్పు కాగితాల మీద రెండో సంతకం నాది. బ్యాంకు ఉత్తరాలు వచ్చేది నా ఇంటికి. వాయిదా పోయేది నా అకౌంట్‌లో నుంచి. అందుకని ఆవిడ అడిగింది, మీ బావమరిది పాస్‌పోర్టు ఎప్పుడైనా మీ చేతిలో ఉందా అని. బండి ఆపి కిందికి దిగాను. ఉందని చెప్పాను. కెనడాలో విమానం దిగి నేరుగా నా బేస్‌మెంట్‌లో పడుకుని, మూడు రోజులు లేవనివాడి పాస్‌పోర్టు నా దగ్గర ఉండక ఎక్కడ ఉంటుంది?

ఈ తెలివి నీది కాదని నాకు తెలుసు. నీకంత తెలివే ఉంటే ఇంకోలా ఉండేవాడివి. ఫిర్యాదు పంపిన ఆఫీసు పేరు ఆవిడే చెప్పింది. క్రెడిట్ రిపోర్టులు బాగుచేస్తానని తెలుగు గ్రూపుల్లో ప్రకటనలు వేసే యోగానంద్. అతనికి ఫోన్ చేసి, అప్పు ఎగ్గొట్టినవాడిలా మాట్లాడాను. ఎలా మాట్లాడాలో నిన్ను చూసి నేర్చుకున్నాను. అతను ఏం దాచుకోలేదు.

“అన్నా, అందరికీ ఒకటే లెటర్ పంపుతం. ఈ అప్పు నాది కాదంటే బ్యాంకోడు నెల రోజులల్ల జవాబియ్యాలె. ఇయ్యకుంటే ఎంట్రీ ఎగిరిపోతది” అన్నాడు.

జవాబిస్తే ఏమవుతుందని అడిగాను. ఫీజు మాత్రం తిరిగిరాదన్నాడు. తొమ్మిది వందల డాలర్లు. వాయిదాలకు లేని డబ్బు వాడికివ్వడానికి వచ్చింది.

సంతకాల రోజు నీకు గుర్తుండదేమో, నాకుంది. నీకు ఇక్కడ ఏ అప్పుల చరిత్రా లేదని, పీఆర్, అంటే శాశ్వత నివాసం ఉన్నవాడు పక్కన సంతకం పెడితేనే ఫీజుకు అప్పిస్తామని బ్యాంకులో చెప్పారు. ఇది కట్టకపోతే నా పేరు కూడా పోతుందా అని నేను రెండుసార్లు అడిగాను. పోతుందన్నారు. అప్పుడు నువ్వు నా భుజం మీద చెయ్యేసి, “బావా, ఒక్క నెల తప్పినా నా చెవి పట్టుకో” అన్నావు. సంతకం చేసిన పెన్ను కూడా నాదే. ఇప్పుడు ఆ చెవి విన్నిపెగ్‌లో ఉంది.

నీ చేతిలో డబ్బు నిలవదని అప్పుడే అనుకున్నాను. ప్రతి నెలా ఒకటో తారీఖున మూడు వందల నలభై డాలర్లు నాకు పంపమన్నాను. ఐదో తారీఖున బ్యాంకు నా అకౌంట్‌లో నుంచి తీసుకునేలా పెట్టించాను. పోయిన డిసెంబరులో కాలేజీ మారి అటు పోయావు. మేలో విద్యార్థులకు వారానికి ఇరవై గంటలే పని అన్న రూలు మళ్ళీ వచ్చింది. ఇరవై గంటల జీతంతో అద్దె కట్టాలా, అప్పు కట్టాలా అని ఒక మెసేజ్ పెట్టి, ఆ వెంటనే నన్ను బ్లాక్ చేశావు. ఆ రూలు నీ ఒక్కడికే రాలేదు. మా వీధిలో ఒక గదిలో ఐదుగురు పడుకుని కట్టుకుంటున్నవాళ్ళు ఉన్నారు.

ఇక నా సంగతి. తొమ్మిదేళ్ళు పరాయి సరుకు ఎత్తి దించాను. ట్రక్కు లైసెన్సు తెచ్చుకుని, సెప్టెంబరులో ఒక పాత ట్రక్కు బేరం చేసుకున్నాను. లోను ఇచ్చేవాళ్ళు నా రిపోర్టు తీశారు. అందులో మన అప్పు పక్కన తొమ్మిది అంకె ఉంది. ఒకటి ఉంటే టైముకు కట్టేవాడని. తొమ్మిది అంటే బ్యాంకు ఆశ వదులుకున్న బాకీ. ఆరేళ్ళు అలాగే ఉంటుందట. కాగితాలు నా ముందుకు తోసి సారీ అన్నారు. ఆ ట్రక్కు వేరేవాళ్ళు కొనుక్కుపోయారు. ఇప్పుడు దీనికి తోడు మోసగాడన్న పేరు కూడా వస్తే ఉన్న పని కూడా పోతుంది.

మే నుంచి నీతో మాట్లాడొద్దని మీ అక్కకు నేనే చెప్పాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో మీ ఇంటివాళ్ళ విషయంలో ఆమె నా పక్కన నిలబడటం ఇదే మొదలు. మీ అమ్మ ఫోన్ చేసి బతిమాలినా మెత్తబడలేదు. “కట్టలేనని ముందే చెప్తే ఏమన్న చేద్దుము. దాచినోడితోని నాకు మాటల్లేవు” అంది. ఆ తరవాత నీ పేరు ఎత్తలేదు.

దీనితో ఒక కాగితం పెట్టాను. ఆ అప్పు నేనే తీసుకున్నాను, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను అని రాసి ఉంది. సంతకం పెట్టి, స్టాంపు అంటించిన కవరులో వేసి పంపు. జవాబివ్వడానికి బ్యాంకు నాకు నవంబరు ఎనిమిది దాకా గడువిచ్చింది. రిపోర్టు బాగుచేసే మంత్రం ఏదీ లేదు. కట్టాలి, కట్టాక ఆగాలి, అంతే. నీ కాగితం రాకపోతే నాకు తెలిసినవన్నీ నేను కూడా బ్యాంకుకు రాస్తాను. ఆ తరవాత బావ అని పిలవాల్సిన పని లేదు.

ఇట్లు,
తన సంతకం తనదేనని ఒప్పుకునే
కొమరయ్య

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. నా రిపోర్టు కాపీ కూడా ఇందులో పెడుతున్నాను. యోగానంద్‌కు డబ్బులిచ్చావు గాని నీ రిపోర్టు నువ్వు చదివినట్టు లేదు. చదివితే బ్యాంకుకు కాదు, నాకు రాసేవాడివి. మూడో పేజీలో నెలల వారీగా ఉంటుంది. మొదట తప్పిన వాయిదా మే నెలది కాదు, జనవరిది. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ఆ నాలుగు నెలలూ నువ్వు ఒకటో తారీఖునే పంపావు. బ్యాంకు తీసుకునే ఐదో తారీఖు లోపే నేను అది తీసి లైసెన్సు ఫీజుకు కట్టుకున్నాను. తరవాత సర్దుదామనుకున్నాను. బ్యాంకు ఉత్తరాలు మీ అక్క తీయకముందే నేను తీశాను. మేలో నువ్వు ఆపేసరికి అందరూ మొదటి నుంచీ నువ్వే అనుకున్నారు. నేను కాదనలేదు.

బ్యాంకు నా అకౌంట్ వివరాలు అడిగింది. ఎనిమిదో తారీఖుకు వాళ్ళకు తెలిసిపోతుంది. అయినా ఆ కాగితం మీద సంతకం పెట్టు, అప్పు తీసుకున్నది నువ్వే.

రేపు పొద్దున నాకు డ్యూటీ ఉంది. ఇది పోస్టు చేయమని మీ అక్కకే ఇస్తున్నాను. కవరు అంటించలేదు.