ముడి కనబడేలా కట్టాలట

ఫిబ్రవరి 3, సోమవారం

స్కూలు యూనిఫాం బట్ట నేసే మా సిరిసిల్ల షెడ్డులో ఈ రోజు నైలాన్ పోగు సాంచ మీదికి, అదే మరమగ్గం మీదికి, ఎక్కింది. పారాచూట్ బట్ట! హైదరాబాద్‌లో ఒక కంపెనీ చిన్న రాకెట్ చేస్తోంది. దాని కింది భాగం, బూస్టర్, ఖాళీ అయ్యాక పడి ముక్కలు కాకూడదు. పారాచూట్‌తో మెల్లగా దిగాలి, మళ్లీ ఎగరాలి. ఆ బట్ట మేం నేస్తామని మాట ఇచ్చింది నేనే. ఆరేళ్లుగా ఇక్కడ క్వాలిటీ చూస్తున్నదాన్ని, ఇంకెవరు ఇస్తారు? ఈ ట్రయల్ రోల్ పాసైతే పని మాకు. ఫెయిలైతే సూరత్‌కు.

నేసేది రాజలింగం పెద్దబాపు. ముప్పై ఏళ్ల చెయ్యి. ఒక్కపారి ఎగిరినదాన్ని మల్ల తెచ్చుకునుడేంది బిడ్డా, కొత్తది చేసుకోరాదా అని అడిగాడు. నువ్వు రోజుకో కొత్త సాంచ కొంటున్నవా అన్నాను. నవ్వాడు.

ఫిబ్రవరి 6

పోగు తెగుతోంది. కడితే మళ్లీ తెగుతోంది.

టీ టైంలో ఫోన్‌లో వీడియో చూపించాను. ఎక్కడిదో పెద్ద బూస్టర్, మంట కక్కుకుంటూ నిటారుగా కాళ్ల మీద దిగింది. మనది గట్ల దిగదా అని పక్క సాంచ మహిపాల్ అడిగాడు. చిన్న రాకెట్ అంత ఇంధనం మోయలేదు, దానికి గుడ్డే దిక్కని చెప్పాను.

ఫిబ్రవరి 11

రోల్ దిగింది. లైటు పెట్టి చూశాను, ఎక్కడా మచ్చ లేదు. తెగినవన్నీ ఏవి పెద్దబాపూ అంటే, ముడి కనబడితే గది నేత ఎట్లయితది అన్నాడు. మురిసిపోయాను. మెచ్చుకున్నాను కూడా!

ఫిబ్రవరి 18

రిజెక్ట్.

కంపెనీలో పారాచూట్లు చూసే భాస్కర్ సార్ ఫోన్ చేశాడు. లాగి చూసే టెస్టులో ఒకచోట చిరిగిందట. అక్కడ ముడి ఉందట. మనీషా గారూ, ముడి తప్పు కాదు, దాచడం తప్పు అన్నాడు. ముడి కొసలు కనబడేలా వదలాలి, ఆ చోట బట్ట అంచుకు ఎర్రదారం కట్టాలి. అప్పుడు ఆ ముక్క వాళ్లు కోసి పారేస్తారు. ఇదంతా వాళ్లు పంపిన కాగితాల్లో నాలుగో పేజీలో ఉంది. చదివాను. పెద్దబాపుకు చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా నేస్తున్నవాడికి ముడి గురించి నేను చెప్పడమేమిటని మొహమాటపడ్డాను. సిరిసిల్లలో సాంచ దగ్గర చేరినవాళ్లు మొదట నేర్చుకునేదే ముడి దాచడం. నా మొహమాటం తగలెయ్య.

ఫిబ్రవరి 19

పెద్దబాపుకు చెప్పాను. కాగితంలో ఉందట అన్నాను, చదివింది ఇంకెవరో అన్నట్టు. మంచిగ కట్టుడే తప్పయిందా అని అడిగి, చేతులు చూసుకున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరి 22

రోల్ వాపసు వచ్చింది. పెద్దబాపు బల్ల మీద పరచమని, కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ పోయాడు. ఆగిన ప్రతిచోటా ఎర్రదారం కట్టాను. ముప్పై ఏడు. భూతద్దం పెట్టినా నాకు దొరకనివి. అదంతా వీడియో తీసి భాస్కర్ సార్‌కు పంపి, ఇప్పుడైనా తీసుకోండి సార్ అన్నాను. ముప్పై ఎనిమిదోది లేదని ఎవరు చెప్పాలి అన్నాడు. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. ఆయన అన్నది నిజం, నా మంటంతా అదే. ఇంకొక్క రోల్ నేయండి, ఆఖరి ఛాన్స్ అన్నాడు.

నాలుగో పేజీ నేను చదివిన, నీకు చెప్పలే అని పెద్దబాపు ముందు ఒప్పుకున్నాను. ఎరుకే బిడ్డా అన్నాడు.

ఫిబ్రవరి 26

శివరాత్రి. వేములవాడ రద్దీలో బండి ఇరుక్కుని కొత్త నైలాన్ ఈ రోజు కూడా రాలేదు. దేవుడు కూడా సూరత్ పక్షమే.

మార్చి 1, ఉదయం 10.20

తొమ్మిదో మీటరు దగ్గర పోగు తెగింది. పెద్దబాపు సాంచ ఆపాడు. మహిపాల్ వైపు ఒకసారి చూసి, జర అడ్డం నిలబడు బిడ్డా అన్నాడు. నిలబడ్డాను. కొసలు బయటికి వేలాడేలా ముడి కట్టాడు.